మాణిక్యాంబ వంకీ

వకుళ ఏం ఉద్యోగం చేస్తుందో బంధువుల్లో ఒక్కరికీ సరిగ్గా తెలియదు. డిజైనర్ అని చెప్పిన పాపానికి పెళ్ళిళ్ళ ముందు జాకెట్టు ముక్కలు పట్టుకొచ్చేవాళ్ళు కొందరు, ఇల్లు కట్టుకుంటూ వంటగట్టు ఎటువైపు పెట్టాలో అడిగేవాళ్ళు కొందరు. "కాదండీ, నేను ఫ్యాక్టరీల్లో తయారయ్యే వస్తువులు గీస్తాను" అంటే, "ఓహో, బొమ్మలేస్తావన్నమాట" అని తేల్చేసేవాళ్ళు. మొదట్లో వకుళ ఉడుక్కునేది. పోనుపోను నవ్వి ఊరుకోవడం అలవాటైంది. ఎందుకంటే అలా అన్నవాళ్ళ ఇళ్ళల్లోనే ఆవిడ గీసిన వస్తువు ఏదో ఒకటి ఉండేది. మూత ఎగిరిపడని మిక్సీ, వేళ్ళు కోసుకుపోని బకెట్టు పిడి, తడిచేత్తో తిప్పినా జారని గ్యాసు పొయ్యి మీట. రోజూ వాడతారు, ఒక్కరూ దాని గురించి ఆలోచించరు. ఆలోచించే అవసరం రాకుండా చెయ్యడమే తన పని అని వకుళ నమ్మకం.

ఆవిడ పద్ధతి మొదట్నుంచీ ఒకటే. ఎవరి కోసం గీస్తోందో వాళ్ళ ఒంట్లో దూరాలి. చదువు అయిపోయిన కొత్తలో బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు గ్రైండరుకు పిడి గియ్యమంటే, కీళ్ళవాతం ఉన్నవాళ్ళు దాన్నెలా తిప్పుతారో తెలియాలని వేళ్ళు వంగకుండా గుడ్డలు చుట్టుకుని వారమంతా మినప్పప్పు రుబ్బింది. యజమాని ఈ పిల్లకేదో తేడా ఉందనుకున్నాడు. ఆ పిడి మాత్రం ఇప్పటికీ మార్చలేదు.

ఇలాంటి మనిషికి డాక్టర్ ఇద్రీస్ చేసిన తొడుగు దొరికితే ఇక చెప్పేదేముంది? ఇద్రీస్ నరాల శాస్త్రం చదివిన హైదరాబాదీ. ఆయన అల్లించిన సన్నటి తీగల చొక్కా ఒకరు తొడుక్కుంటే, వాళ్ళ కండలు ఎలా లాగుతున్నాయో, కీళ్ళు ఎక్కడ పట్టేస్తున్నాయో అంతా పట్టుకుంటుంది. ఇంకో చొక్కా తొడుక్కున్నవాళ్ళకి అదే లాగుడు, అదే పట్టు, అదే నొప్పి అప్పజెబుతుంది. దానికి పెద్ద ఇంగ్లీషు పేరేదో ఉంది గానీ, ల్యాబులో అందరూ 'పరకాయ' అనేవాళ్ళు.

మొదటిసారి వకుళ ఒక ఆటోడ్రైవరు ఒంటిని తొడుక్కుంది. జిప్పు లాగీలాగకముందే "అమ్మో, నా నడుం!" అని కుర్చీలో కూలబడింది. ఆ నడుం ఆవిడది కాదు, పొద్దస్తమానం గతుకుల రోడ్డు మీద కూచున్న ఆయనది. అలాగే కూచుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా కొత్త సీటు గీసింది. తరవాత టైలరు మెడ, రాత్రి డ్యూటీ నర్సు పాదాలు, తాపీమేస్త్రి మోకాళ్ళు. ఆవిడ గీసిన సీట్లూ కుర్చీలూ దేశమంతా తిరిగాయి, బహుమతులు అల్మారాలో పట్టక మంచం కిందికి చేరాయి.

అయితే చొక్కా విప్పేశాక కూడా అవతలివాళ్ళది కొంచెం ఒంట్లో ఉండిపోయేది. ల్యాబులో దాన్ని 'మరక' అనేవాళ్ళు. చాలావరకు కొన్నాళ్ళకు పోయేది, కొంత పోయేది కాదు. వకుళ ఎడమకాలు ఆటోడ్రైవరుది లాగే బయటికి తిరిగి ఉంటుంది, నిలబడితే మెడ టైలరుది లాగ ఒక పక్కకి వాలుతుంది. సాయంత్రం ఆవిడ గుమ్మంలోకి రాగానే భర్త పతంజలి లెక్కల పేపర్లు దిద్దుతూనే, "ఇవాళ ఎవరొచ్చారండీ మా ఇంటికి?" అనేవాడు. హాస్యానికే అనేవాడు. ఒక్కోసారి తలెత్తి చూసినప్పుడు మాత్రం ఆ మొహంలో హాస్యం ఉండేది కాదు.

పతంజలి తల్లి మాణిక్యాంబ. గోదావరి జిల్లా మనిషి. రావులపాలెం చుట్టుపక్కల ఆవిడ లేనిదే పెళ్ళి భోజనం జరిగేది కాదు. మొదటి పంక్తిలో నడుమ కూచుని, పనసపొట్టు కూర నోట్లో పెట్టుకోగానే ఆవ ఎక్కువైందో తక్కువైందో అక్కణ్ణుంచే కేకేసి చెప్పేది. పేరున్న వంటవాళ్ళకే ఆవిడ ముందు ఒళ్ళంతా చెమటలు పట్టేవి. అలాంటి మనిషికి చేతులు వణికే జబ్బు వచ్చింది. మందులు కొంతవరకే పనిచేశాయి. కుడిచేత్తో ముద్ద ఎత్తితే నోటిదాకా వచ్చేసరికి సగం చీర మీద ఉండేది.

వణికే చేతులకి ప్రపంచమంతా రకరకాల చెంచాలు చేసింది. వకుళ కూడా ఒకటి చేసింది, అదీ మంచిదే చేసింది. మాణిక్యాంబ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి కింద పెట్టేసింది.

"చెంచాతో తాగితే మందమ్మా, అన్నం కాదు. కలపకుండా అన్నం ఎలా తింటారే? పప్పులో నెయ్యి కలిసిందో లేదో వేళ్ళకి తెలియద్దూ?" అంది.

అప్పట్నుంచీ ఆవిడ కొడుకింట్లో తన గదిలో తలుపు వేసుకుని తినేది. కోడలు తినిపిస్తానంటే ఒప్పుకునేది కాదు. తిన్నాక తనే కిందంతా తుడుచుకుని బయటికొచ్చేది.

వకుళకి అప్పుడు బుద్ధొచ్చింది. చెంచా కాదు, చెయ్యే కుదురుగా ఉండాలి. మణికట్టుకి ఒక కడియం చేద్దామనుకుంది. వణుకు రాబోయే ముందే పసిగట్టి, దానికి ఎదురు వణుకు పంపి అణిచేసే కడియం. అత్తగారికి పరకాయ చొక్కా తొడిగి, గదిలో తలుపేసి, ఒక్కర్తినే భోంచెయ్యమంది. తరవాత ఆ చేతిని తను తొడుక్కుంది. ఒక పూట చెయ్యి వణికి ఊరుకుంది, మరకేమీ మిగల్లేదు. కడియం తయారైంది. గదిలో కూచుని మాణిక్యాంబ మెతుకు కింద పడకుండా అన్నం తినేసింది. వకుళ తలుపు సందులోంచి చూసి చిన్నపిల్లలా గంతులేసింది.

సరిగ్గా అప్పుడే ఆడపడుచు హైమవతి, ఆవిడ భర్త శుభలేఖ పట్టుకుని వచ్చారు. వాళ్ళమ్మాయి మైథిలి పెళ్ళి. మైథిలి ఈ అమ్మమ్మ గోరుముద్దలు తిని పెరిగిన పిల్ల. మాణిక్యాంబ సంబరం అంతా ఇంతా కాదు. కడియం తొడుక్కుని, ఎన్నాళ్ళకో భోజనాల బల్ల దగ్గర అందరితో కలిసి కూచుంది. పప్పన్నం కలిపింది. ముద్ద ఎత్తింది. హైమవతి సంతోషం పట్టలేక తల్లి చేతికేసే చూస్తోంది. సగం దూరం వచ్చేసరికి ఆ చెయ్యి ఒక్కసారి ఎగిరిపడింది. ముద్ద వెళ్ళి అల్లుడిగారి తెల్లచొక్కా మీద పడింది.

"పర్లేదండీ అత్తయ్యగారూ, ఏం పర్లేదు" అన్నాడాయన, పాపం మంచివాడు. ఆ మంచితనమే ఆవిడకి ఎక్కువ గుచ్చుకుంది. లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

"పిల్లకి ఇక్కణ్ణుంచే అక్షింతలు వేస్తాను. నన్ను పెళ్ళికి రమ్మనకండి" అని లోపల్నుంచి వినిపించింది. కడియం బల్ల మీదే ఉంది.

వకుళ ఆ పూట అన్నం ముట్టలేదు. తన తప్పేమిటో తెలిసింది. తెలిసి సిగ్గేసింది కూడా. ఇన్నేళ్ళూ ఎవరి ఒంట్లో దూరినా వాళ్ళని ల్యాబుకి తీసుకొచ్చి, తలుపులు మూసి, చప్పుడు లేకుండా చేసి, అప్పుడు కొలిచేది. శుభ్రమైన కొలత కావాలిగా మరి! నడుంనొప్పికి ఎవరూ చూడక్కర్లేదు. అత్తగారి వణుకు అలాంటిది కాదు. నలుగురి కళ్ళు పడితేనే అది రెచ్చిపోతుంది. తను కొలిచింది తలుపు మూసిన గదిలోని చెయ్యిని, పంక్తిలో కూచునే చెయ్యిని కాదు.

మర్నాడు ల్యాబులో ఈ మాట చెబితే ఇద్రీస్ తల అడ్డంగా ఊపాడు.

"వద్దు మేడమ్, నా మాట వినుండ్రి. బరువు వేరు, వణుకు వేరు. బరువు కండల్ల ఉంటది, దిగిపోతది. ఇది చెయ్యిని నడిపిచ్చే కాడనే పోయి కూసుంటది. అందులో భయం గూడ కలిసిందంటే మరక పోతదని నేను మాటియ్యలేను. మీరు గీసేటి చెయ్యి గదా అది?"

"వేరే దారి ఉందాండీ?"

"అమ్మకు చొక్కా తొడుగుదాం, మెషీన్ల గీతలు తీద్దాం. మీరు తొడుక్కునుడు ఎందుకు?"

"గీతలు ఎంత వణికిందో చెబుతాయి ఇద్రీస్ గారూ. ఎక్కడ పుట్టిందో తొడుక్కున్నవాళ్ళకే తెలుస్తుంది. అది తెలియకే కదా నిన్న అల్లుడిగారి చొక్కా పాడైంది?"

ఇద్రీస్ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. అంటే ఒప్పుకున్నట్టే.

ఒప్పుకోనిది మాణిక్యాంబ. వకుళ గదిలోకి వెళ్ళేసరికి ఆవిడ మంచం మీద కూచుని, వణికే కుడిచేతిని ఎడంచేత్తో పట్టుకుని ఉంది.

"నీ చెయ్యి పోతుందటగా?"

"ఎవరు చెప్పారు అత్తయ్యా?"

"ఇంకెవరు, నా కొడుకు. నువ్వు అడ్డమైన అబద్ధాలూ ఆడతావు, వాడికి చేతకాదు." గొంతు తగ్గించింది. "వద్దే అమ్మాయ్. నేనింకెన్ని ముద్దలు తింటానని? గీసుకుని బతికే చెయ్యి. నా నోటికోసం దాన్ని పాడుచేసుకుంటావా? ఊళ్ళోవాళ్ళు నా మొహాన ఉమ్మెయ్యరూ?"

వకుళ కింద, ఆవిడ కాళ్ళ దగ్గర కూచుంది. ఏదో నచ్చజెబుదామని వచ్చింది గానీ ఏడుపు ముంచుకొచ్చింది.

"ముక్కూ మొహం ఎరగనివాళ్ళ బకెట్టు పిడుల కోసం నా ఒళ్ళు ఇచ్చాను అత్తయ్యా. మీరు ఈ తలుపు వెనక తింటుంటే, అవతల నేను కంచం ముందు కూచుని కూర కలుపుకుంటున్నాను. నాకు ముద్ద గొంతు దిగట్లేదు. ఇంట్లో మనిషి చేతికి పనికిరాకపోతే నేనెందుకూ, నా బహుమతులెందుకూ? మీకోసం కాదు, నాకోసం ఒప్పుకోండి."

మాణిక్యాంబ కోడలి తలమీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి వణుకుతూనే ఉంది. "అయితే నేనూ ఒకటి చెబుతాను విను" అంది. "మీ ల్యాబు వాళ్ళందర్నీ కూచోబెట్టు. బల్లలూ అవీ కాదు, నేలమీద. ఆకులు వేయించు. వంట మాత్రం నేను చెప్పినట్టు జరగాలి. అవమానం ఎలాగూ పడతాను, పప్పులో ఉప్పు లేకపోతే మాత్రం పడను."

ఆ ల్యాబు పుట్టాక అలాంటి రోజు చూడలేదు. మెషీన్లన్నీ గోడవారకి జరిపారు. పట్టాలు పరిచి అరిటాకులు వేశారు. కుర్చీలకి అలవాటుపడ్డ ఇంజనీర్లు మఠం వేసుకోలేక అవస్థపడ్డారు. ఇద్రీస్ ఒక మోకాలు పైకెత్తి ఎలాగో సర్దుకున్నాడు. నడుమ మాణిక్యాంబ, జరీచీర మీద తీగల చొక్కా, మణికట్టుకి కడియం. పక్కనే వకుళ, రెండో చొక్కాలో. ఇవాళ పట్టడం, అప్పజెప్పడం రెండూ ఒకేసారి.

అందరూ మర్యాదస్తులు. పెద్దావిడకేసి చూడకూడదని తలలు వంచుకుని ఎవరి ఆకులోకి వాళ్ళు చూసుకుంటున్నారు. వకుళ చూడండర్రా అంటే ఓరగా చూసి మళ్ళీ తలలు దించేస్తున్నారు. మాణిక్యాంబకే ఒళ్ళు మండింది.

"చూడండర్రా, చూడ్డానికేగా పిలిచింది! పెళ్ళిలో జనం ఇలాగే తలలు దించుకుంటారా? కళ్ళు పెట్టి చూడండి!"

చూశారు. ఆ క్షణాన వకుళకి ఊపిరి ఆగిపోయింది. పొట్ట బిగిసింది. మోచెయ్యి దానంతటదే వచ్చి పక్కటెముకలకి అతుక్కుంది. ముద్ద ఇంకా ఎత్తనేలేదు. వేళ్ళు కుదురుగానే ఉన్నాయి. మరి ఏదో కదులుతోంది, ఎక్కడ? భుజం కింద, దండ దగ్గర, కండ లోపల సన్నగా చీమలు పాకినట్టు మొదలైంది. అక్కణ్ణుంచి జారి, మోచెయ్యి దాటి, మణికట్టుకి వచ్చేసరికి పెద్దదై చెయ్యిని విసిరేసింది. వకుళ ఆకులో అన్నం చెల్లాచెదరైంది. అత్తగారి ఆకులోనూ అంతే. మణికట్టు దగ్గర కాపలా కూచున్న కడియానికి అప్పటికే ఆలస్యమైపోతోంది.

"ఇక్కడ! ఇద్రీస్ గారూ, ఇక్కడ పుడుతోంది!" అని వకుళ తన దండ మీద కొట్టుకుంటూ అరిచింది. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, ఆ సిగ్గు తనదో అత్తగారిదో తెలియడంలేదు, ఆనందం మాత్రం అచ్చంగా తనదే.

"దొరికిందిగా, ఇంక తీసెయ్యండి!" అని ఇద్రీస్ లేవబోయాడు.

"కూచో నాయనా. భోజనం మధ్యలో లేవకూడదు" అంది మాణిక్యాంబ. చెయ్యి ఎగిరిపడుతూనే ఉంది. ఒళ్ళో, పట్టా మీద, పక్కవాళ్ళ ఆకుల్లో అన్నం పడుతూనే ఉంది. పెరుగన్నం దాకా ఆవిడ లేవలేదు. వకుళ కూడా లేవలేదు, ఆవిడ పక్కనే చొక్కా విప్పకుండా అలాగే వణుకుతూ తింది.

తరవాత వకుళ తిన్నగా గీత బల్ల దగ్గరికి వెళ్ళింది. దండ దగ్గర పుట్టేదాన్ని దండ దగ్గరే పట్టుకోవాలి. అక్కడ తొడుక్కునేది ఆడవాళ్ళకి తరతరాలుగా ఉండనే ఉంది, వంకీ! పెళ్ళిలో వంకీ పెట్టుకుంటే జబ్బు మనిషి అని ఎవరంటారు? బంగారు పూత, మధ్యలో కెంపు, కెంపు వెనకాల ఎదురు వణుకు పంపే మెషీను. అందరూ ఆత్రంగా చుట్టూ మూగారు. వకుళ పెన్సిలు కాగితం మీద పెట్టింది. గీత వంకరపోయింది. ఇంకోటి గీసింది, అదీ అంతే. పెన్సిలు కాగితం మీద టపటపా కొట్టుకుంటోంది.

ఇద్రీస్‌కి అర్థమై, అందర్నీ మెల్లగా బయటికి పంపేసి, తనూ వెళ్ళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు. అప్పుడు గీత తిన్నగా వచ్చింది.

ఆ మరక పోలేదు. ఒంటరిగా ఉంటే వకుళ చెయ్యి ఎప్పట్లాగే ఉంటుంది. ఎవరైనా చూస్తే వణుకుతుంది. మీటింగుల్లో ఎదుటివాళ్ళు చెబుతుండగానే బొమ్మ గీసి చూపించే డిజైనర్‌గా ఆవిడకి పేరు. ఆ విద్య పోయినట్టే.

"నేను జెప్పిన గదా మేడమ్" అన్నాడు ఇద్రీస్.

"చెప్పారు. ముందు వంకీ సంగతి చూడండి, పెళ్ళి దగ్గరపడింది" అంది వకుళ. పతంజలితో ఆ మాట చెప్పినప్పుడు మాత్రం ఆయన భుజం మీద తల పెట్టి తనివితీరా ఏడ్చింది. ఆయన ఆ వణికే చెయ్యి పట్టుకుని కూచున్నాడు. కాసేపటికి ఆయన చూస్తున్నా అది వణకలేదు.

పెళ్ళి రాజమండ్రిలో. కల్యాణమండపం కిటకిటలాడుతోంది. పట్టుచీర కట్టి, జాకెట్టు చేతిమీద వంకీ పెట్టుకుని మాణిక్యాంబ కారు దిగితే, "అత్తయ్యకి ఈ వయసులో ఈ సింగారమేమిటే!" అని మేనకోడళ్ళు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ మొహం పాలిపోయి ఉంది. మొదటి పంక్తిలో నడుమ కూచుంది. పక్కన వకుళ. పెళ్ళి పందిట్లోంచి కదలడానికి వీల్లేక మైథిలి అక్కణ్ణుంచే అమ్మమ్మకేసి చూస్తోంది. పతంజలి, హైమవతి స్తంభం పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డారు.

పప్పు వచ్చింది. నెయ్యి వచ్చింది. మాణిక్యాంబ వేళ్ళతో నిదానంగా కలిపింది. ముద్ద చేసింది. ఎదురు పంక్తిలో ఎవరో అదేపనిగా చూస్తున్నారు. ఆవిడా చూసింది. ముద్ద లేచింది. తొణకలేదు, బెణకలేదు, తిన్నగా నోట్లోకి వెళ్ళింది. ఆవిడ కళ్ళు మూసుకుని నమిలింది. రెండో ముద్ద. మూడోది. స్తంభం పక్కన హైమవతి కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. మైథిలి పందిట్లోనే చప్పట్లు కొట్టేసింది. పురోహితుడుగారు మంత్రం ఆపి ఏమిటమ్మా అని అడిగారు.

మాణిక్యాంబ సగం భోజనం అయ్యాక గానీ పక్కకి చూడలేదు. చూసేసరికి కోడలి ఆకు ముందంతా మెతుకులు. వకుళ చెయ్యి గజగజలాడుతోంది, పట్టుచీర ఒళ్ళో పులిహోర. అయినా ఆవిడ తల దించలేదు. నవ్వుతూ, వణుకుతూ, బూరె తుంచుకుంటోంది.

మాణిక్యాంబ ఎడంచెయ్యి గబుక్కున వంకీ మీదికి వెళ్ళింది, తియ్యడానికి.

"ఊరుకోండి అత్తయ్యా. నాకోసం రెండోది తయారవుతోంది. ఇవాళ ఈ పంక్తి మీది" అంది వకుళ.

ఎదురు పంక్తిలో పట్టుపంచె పెద్దమనిషి ఒకాయన ఆ వణికే చేతికేసే కళ్ళప్పగించి చూస్తున్నాడు. ఆయన వెనకనుంచి ముక్కలపులుసు బాల్చీ పట్టుకొచ్చిన కుర్రాడు అందరికీ వడ్డిస్తూ, వకుళ ఆకు దగ్గరికొచ్చేసరికి మొహమాటపడి ఎటో చూస్తూ దాటిపోయాడు. మాణిక్యాంబ ఆ కుర్రాడికేసి, పెద్దమనిషికేసి చూసింది. గొంతు సవరించుకుంది. రావులపాలెం పంక్తుల్లో వంటవాళ్ళకి చెమటలు పట్టించిన గొంతు అది. మండపంలో సన్నాయి ఆగిపోయింది.

"ఏమిటయ్యా ఆ చూపు? అది నా కోడలి చెయ్యి! ఇవాళ నేను నలుగురిలో అన్నం తింటున్నానంటే ఆ చెయ్యి చేసి పెట్టిందే! ఏయ్ అబ్బాయ్, ఇలా వెనక్కి రా. మా వకుళ ఆకులో పులుసు ఎందుకు వెయ్యలేదూ? వెయ్యి, ముక్కలు బాగా పడేలా వెయ్యి!"